చెమట వెలుగు

తొలిసారి ఆ వెలుగు ఒక జొన్నరొట్టెలో కనబడింది.

వాళ్లు వెతుకుతున్నది అది కాదు. డాక్టర్ వినీల ప్రయోగశాలలో ఆ రోజుల్లో కండరాల జబ్బులను ముందుగా పసిగట్టే పరికరం తయారవుతోంది. పని చేస్తున్న మనిషి ఒంట్లోంచి కంటికి ఆనని సన్నని వెలుగు ఒకటి వస్తుంటుంది. దాన్ని పట్టుకోవడానికి అరచేతంత స్ఫటికపు రేకు ఒకటి పెంచారు. పెంచినవాడు ఫిరోజ్ అలీ. చదువు ముగిసిన నాటి నుంచీ గాజుతో, స్ఫటికాలతో కాపురం చేస్తున్న మనిషి. ఆ మధ్యాహ్నం చీకటిగదిలో రేకును బల్ల మీద నిలబెట్టి, ఆకలికి ఆగలేక అక్కడే టిఫిన్ డబ్బా విప్పాడు. ప్రయోగశాలలో తినకూడదన్న నియమం తెలియక కాదు. ఆ నియమం రాసిందే ఆయన.

వినీల లోపలికి వచ్చింది తిట్టడానికే. రేకులోంచి చూశాక తిట్టు నాలుక చివరే ఆగిపోయింది. రొట్టె వెలుగుతోంది. ఊరికే వెలగడం కాదు, ఒక ఆడమనిషి చేతివేళ్లు తట్టిన చోటల్లా వెలుగుతోంది. నడిమి నుంచి అంచు దాకా, అంచు వెంట గుండ్రంగా, తట్టు మీద తట్టు. పొద్దున ఫిరోజ్ భార్య నస్రీన్ ఏ వేలు ఎంత ఒత్తిందో కూడా తెలుస్తోంది. ఒకచోట పిండి చిరిగితే బొటనవేలితో అతికినట్టుంది, అక్కడ వెలుగు కాస్త ఎక్కువగా నిలిచి ఉంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె చేతి రొట్టెలే తింటున్నాడు ఫిరోజ్. ఒక్కదాన్నీ ఇలా చూసి ఎరగడు. ఇక దీన్ని ఎలా తినేది మేడం అని అడిగాడు. సాయంత్రం దాకా ఓర్చుకుని, చివరికి ఆకలికి ఓడిపోయి తినేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఇద్దరూ చిన్నపిల్లలైపోయారు. చేతికందిందల్లా రేకు ముందు పెట్టారు. నేతచీర పోగుపోగునా వెలిగింది. అచ్చు పోసిన స్టీలు గరిటె మసకగా ఉంది గానీ, పూర్తిగా నల్లగా లేదు. ఆ యంత్రాన్ని తిప్పినవాడెవడో అందులో కొంచెం మిగిలి ఉన్నాడు. రేకును గోడకు ఆనించి చూస్తే సున్నం వెనకాల ఇటుకలు వరసలు వరసలుగా లేచి నిలబడ్డాయి. పని చేసే చేతిలోంచి బయల్దేరిన వెలుగు ఆ పనిలోకి దిగి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుందని తేలింది. వినీల దానికి చెమట వెలుగు అని పేరు పెట్టింది. పత్రికలు ఏదో సంస్కృతం పేరు పెట్టాయి గానీ ఎవరి నోటికీ పట్టలేదు.

కొత్త వస్తువు ఏది పుట్టినా దాని వాసన ముందుగా తగిలేది రాజకీయానికే. అప్పుడు రాష్ట్రంలో ఒకటే గొడవ. పట్నం వంతెన పార్టీకి ఓటేసేది, పల్లెలు గంప పార్టీకి. రెండింటికీ పొడుగాటి అసలు పేర్లు ఉన్నాయి, జనం మాత్రం గుర్తులతోనే పిలిచేవారు. సంపాదించేది మేము, గద్దె మీద ఎవరు కూర్చోవాలో తేల్చేది వాళ్లా అని పట్నం వాదన. మేం పండించకపోతే కంప్యూటర్లు నములుతారా అని పల్లె వాదన. పెళ్లి సంబంధాలు కూడా గుర్తు అడిగి మాట్లాడుకునే దాకా వచ్చింది వ్యవహారం. ఆ వేడిలో పుట్టింది ఉత్పత్తి వాటా బిల్లు. ఏ ప్రాంతం ఉత్పత్తి ఎంతో, శాసనసభలో దాని సీట్లు అంత. అయితే ఆ ఉత్పత్తిని లెక్కగట్టేదెవరు? పన్నుల లెక్క గంప పార్టీ నమ్మదు, ధాన్యం లెక్క వంతెన పార్టీ నమ్మదు. అబద్ధమాడని సాక్షి ఒకటి కావలసి వచ్చింది, వినీల రేకు దొరికింది.

వినీల ఒప్పుకుంది. సంతోషంగానే ఒప్పుకుంది. పుట్టింది పసుపు పండే బొమ్మెనపల్లిలో అయినా, చదువుకని పట్నం వచ్చిననాటి నుంచీ ఆమె ఓటు వంతెనకే. అక్క గంగామణి అదే ఊళ్లో మేనత్త కొడుకు రాజేశ్వర్‌ను చేసుకుని, పసుపు సాగు చేస్తూ, ఆ మండలంలో గంప పార్టీకి పెద్దదిక్కై కూర్చుంది. కిందటి ఎన్నికల ముందు, అక్క వడ్డించిన అన్నం తింటూనే, మీ ఊళ్ల ఖర్చంతా మా పట్నమే మోస్తున్నది అని వినీల అనేసింది. గంగామణి కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది. తర్వాత మాటలు కలిశాయి, పండక్కి చీరలూ పెట్టుకున్నారు. ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరి మధ్యా ముల్లులా ఉండిపోయింది. బిల్లు గట్టెక్కితే బొమ్మెనపల్లి సీటు మరో మూడింటితో కలిసి ఒక్కటైపోతుందనీ, అక్క ఓటు నాలుగో వంతుకు పడిపోతుందనీ వినీలకు తెలుసు. తెలిసీ, న్యాయం న్యాయమే కదా అనుకుంది.

పెద్ద పెద్ద రేకులు కట్టుకుని బెలూన్లు రాష్ట్రం మీద తేలాయి. అవి తెచ్చిన మొదటి బొమ్మ చూసి ప్రయోగశాలలో అందరూ తల పట్టుకున్నారు. రాష్ట్రమంతా ఒకే తీరుగా జల్లెడతో పిండి చల్లినట్టుంది. ఊరని లేదు, పట్నమని లేదు. ఇంత వెలుగులో పనికొచ్చే వెలుగు ఏదో ఎలా తెలుస్తుంది? వినీల ఒక ఉపాయం పన్నింది. ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో, దుకాణాల్లో, కూలి ముట్టే చోట్లలో వెలుగు ఎలా ఉంటుందో యంత్రానికి నేర్పించింది. ఏ జీతంతోనూ, ఏ కూలితోనూ జత కుదరని వెలుగును తీసి పక్కన పెట్టమంది. ఆ తీసేసినదానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు పొట్టు. చెరిగితే పొట్టు పోతుంది, గింజ మిగులుతుంది. వడ్లు చెరిగే ఇంట్లో పెరిగిన పిల్లకు ఇంతకన్నా సహజంగా ఏం తోస్తుంది?

పొట్టు పోయాక వచ్చిన బొమ్మ చూస్తే ఒళ్లు గగుర్పొడిచింది. పట్నం నిప్పుల కుప్పలా ఉంది. చుట్టూ చిన్న పట్టణాలు అక్కడక్కడా రాలిపడ్డ నిప్పురవ్వలు. మిగతాదంతా బూడిద. ఎవరికి తోచిందో గానీ, ఆ బొమ్మ మీద కిందటి ఎన్నికల బొమ్మ పరిచారు. వెలుగున్న చోటల్లా వంతెన, చీకటున్న చోటల్లా గంప. గీత మీద గీత కూర్చుంది. ఈ లెక్క తేల్చడానికి వేసిన కమిషన్ అధ్యక్షుడు దినకర్‌రావు, కలెక్టరుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మనిషి ఎటు మొగ్గుతాడో అతని చెమటే చెబుతోందన్నమాట. వినీలకు గర్వం కలిగింది, వెంటనే భయమూ వేసింది. ఇంత పెద్ద నిజం ఇంత సులువుగా దొరకడం ఆమె ఎరిగినంతలో ఎప్పుడూ లేదు.

ఆ బొమ్మ సరైనదేనని వినీల సంతకం పెట్టేముందు ఒకచోటైనా నేల మీద నిలబడి సరిచూడాలని నిబంధన ఉంది. చోటు ఎంచుకోమంటే వినీల బొమ్మెనపల్లి అంది. అక్క మొహం మీదే తేలిపోనీ అన్న పంతం అందులో కొంత లేకపోలేదు.

ఆమె వెళ్లేసరికి గంగామణి చేలో పసుపు తవ్వకం నడుస్తోంది. మగవాళ్లు తవ్వి పెళ్లగించిన దుబ్బులను ముప్పై మంది దాకా ఆడవాళ్లు బారులు తీరి కూర్చుని విరుస్తున్నారు, మట్టి దులుపుతున్నారు, కొమ్ములు ఒక కుప్ప, గడ్డలు ఒక కుప్ప చేస్తున్నారు. మాటలకూ నవ్వులకూ లోటు లేదు. వినీల వెంట తెచ్చిన రేకుకు చిన్న తెర బిగించి ఉంది. ఎండలో తెర కనబడదు గనక నల్లగుడ్డ నెత్తి మీంచి కప్పుకుంది. చెల్లెకు దయ్యం పట్టిందేమో చూడుర్రని ఎవరో అంటే చేనంతా గొల్లున నవ్వింది.

గుడ్డ కింద వినీల నవ్వలేదు. తెర నల్లగా ఉంది. ఎదురుగా అంతమంది నడుములు వంచి పని చేస్తుంటే తెర మీద ఒక్క మిణుగురు లేదు. పరికరం చెడిందనుకుంది. తెర ఊడదీసి, ఒట్టి రేకును కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

చేను మండుతోంది. ముప్పై జతల చేతులు మండుతున్నాయి. ఆ చేతుల్లోంచి వెలుగు కొమ్ముల్లోకి దిగుతోంది, కుప్పలు కుప్పలుగా పోగవుతోంది. కింద మట్టిలో, తవ్వని సాళ్లలో కూడా నిండా వెలుగే. విత్తనం పెట్టిన చేతులు, కలుపు తీసిన చేతులు, ఆ ముందటేడూ ఆ ముందటేడూ దున్నినవాళ్లు, పొరలు పొరలుగా, కనుచూపు మేర.  వినీల అక్కడే గట్టు మీద కూర్చుని మళ్లీ చూసింది.

తెరకూ రేకుకూ మధ్య ఉన్నది ఒక్కటే. ఆమె నేర్పిన వడకట్టు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే సంగతి తెలిసిపోయింది. ఈ ఆడవాళ్లలో కూలికి వచ్చినవారు ఒక్కరూ లేరు. అంతా బదులుకు వచ్చినవాళ్లు. ఇవాళ వీళ్లు గంగామణి చేనుకు, రేపు గంగామణి వీళ్ల చేలకు. తవ్వకాలప్పుడు ఊరు ఊరంతా ఇలాగే నడుస్తుంది. ఎవరి చేతికీ ఎవరూ ఏమీ ఇవ్వరు, ఏ కాగితానికీ ఎక్కదు. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని వినీల కూడా బదులుకు వచ్చినదే. ఆ సంగతి ఎలా మరిచిందో ఆమెకే అర్థం కాలేదు. అసలు మొట్టమొదట వాళ్లు చూసిన వెలుగు నస్రీన్ తట్టిన రొట్టెలోది. దానికి ఏ జీతం జత కుదురుతుంది? కనిపెట్టిన వెలుగునే పొట్టని పారబోశారు.

వినీల ఫిరోజ్‌కు ఫోన్ చేసి, వడకట్టు తీసేసి బొమ్మ పంపమంది. కమిషన్ ఊరుకోదని ఫిరోజ్ నసిగాడు. మీ ఇంటి రొట్టె కూడా పొట్టులోనే పోయిందని చెప్పింది.  పొద్దుగూకే వేళకు బొమ్మ వచ్చింది.

మొదట పిండి చల్లినట్టు కనబడడానికి కారణం ఆమె దూరం నుంచి చూడటమే. ఈసారి దగ్గరికి వెళ్లింది. అక్క ఇంటి వాకిట్లో తెర ముందు కూర్చుని, బొమ్మను పెద్దది చేసుకుంటూ, ఊరు తర్వాత ఊరు, వాడ తర్వాత వాడ, బెలూన్లు పట్టిన ఒక పగటి పొడుగునా కదిలే వెలుగును చూసింది. తెల్లవారుజామున రాష్ట్రమంతటా ఒకేసారి లక్షల వెలుగులు లేచాయి. వాకిళ్లు ఊడ్చేవాళ్లు, పాలు పిండేవాళ్లు, పొయ్యి రాజేసేవాళ్లు. పట్నం ఆరిపోతుందనుకుంది గానీ ఆరిపోలేదు, ఇంకా పెరిగింది. అద్దాల మేడల వెనక బస్తీల్లో, అపార్ట్‌మెంట్ వంటగదుల్లో, చంటిపిల్లల మంచాల చుట్టూ, ఇన్నాళ్లూ పొట్టులో పడి ఉన్నదంతా వెలిగింది. పల్లెలు ఎంత వెలిగాయో పట్నమూ అంతే వెలిగింది.

అంతటితో అయిపోలేదు. వెలుగు కదులుతోంది. పాలవ్యాన్లు, కూరగాయల ఆటోలు, పసుపు బస్తాల లారీలు సన్నని దారాలై పట్నంలోకి పారుతున్నాయి. పట్నంలోంచి మోటార్లు, మందులు, బడిపుస్తకాలు, బోరు పైపులు మరో రంగు దారాలై పల్లెలకు పారుతున్నాయి. పట్నంలో బాగా వెలిగే మేడను దగ్గరగా చూస్తే, అందులో సగం వెలుగు పాలమూరు కూలీల చేతులది. పల్లెలో బాగా వెలిగే మడిని చూస్తే, నీళ్లు తోడే మోటారులో పట్నం ఫిట్టరు చేతులు ఉన్నాయి. ఏ వెలుగు ఎవరిదో విడదీయబోతే దారం తెగుతోంది తప్ప ముడి విడటం లేదు. వినీల కళ్ల నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది. ఇన్ని కోట్ల మంది ఒకరి చేతుల్లో ఒకరు ఇలా బతుకుతున్నారని పుస్తకాల్లో చదివింది. చూడటం వేరు.

గంగామణి వెనక నిలబడి తానూ చూసింది. ఆమెకు దారాలు కనబడలేదు, తన జిల్లా కనబడింది.

"అయితే మేం చీకట్ల లేము," అంది.

"లేరక్కా. తప్పు నాదే."

"మనుషులను బట్టి చూస్తే మా దిక్కే వెలుగు ఎక్కువున్నట్టుంది కదా."

కొంచెం ఎక్కువే ఉందని వినీల ఒప్పుకోవలసి వచ్చింది. గంగామణి మొహం విప్పారింది. కంచంలో చెయ్యి కడుక్కున్న రోజు నుంచీ దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది. ఈ బొమ్మే కమిషన్ ముందు పెట్టిస్తాననీ, బిల్లు ఆపమని ఇక అడగమనీ, పాస్ చెయ్యమనే అడుగుతామనీ అంది. సీట్లు పల్లెకు పోనీ, పట్నమోళ్ల ఓటు నాలుగో వంతు కానీ, అప్పుడు తెలుస్తుంది ఎవరి ఖర్చు ఎవరు మోస్తున్నారో.  తను తెచ్చిన కొలతతోనే అక్క తనను కొలుస్తోంది.

"రా," అంది గంగామణి. "మీ బావకు సూపెడుదాం. నా ఇల్లు ఎంత వెలుగుతదో ఆయన గుడ సూడాలె."

రాజేశ్వర్ కరెంటు లైన్ బాగు చెయ్యబోయి స్తంభం మీంచి పడ్డవాడు. అప్పటి నుంచీ మంచంలోనే. మెడ కింద ఒళ్లు మాట వినదు, కుడిచేతి వేళ్లు కాస్త కదులుతాయి. మనిషి మాత్రం హుషారే. మరదలిని చూడగానే పట్నంలో గాలి అమ్ముతున్నారట నిజమేనా అని అడిగాడు. గంగామణి దీపం తీసేసి, తలుపు దగ్గరికి వేసి, వినీల వెంట తెచ్చిన ఇంకో పెద్ద రేకును మంచం ఎదురుగా నిలబెట్టింది. దాని వెనక అద్దం పెట్టారు, ఆయనకూ కనబడేలా.

గది వెలుగుతో నిండిపోయింది. మంచం పట్టెలు, నవారు అల్లిక, దుప్పటి, దిండు, తలాపున చెంబు, తుడిచే గుడ్డలు, గోడకు చేయి ఆనించే చోటు, అన్నీ తెల్లగా మండుతున్నాయి. ఆయన్ని ఎత్తిన చేతులు, పొర్లించిన చేతులు, కడిగిన, ఆరేసిన, మడతపెట్టిన చేతులు. అన్నీ గంగామణివే. పగలంతా చూసిన చేను కన్నా, పట్నం కన్నా ఆ మంచం ఎక్కువ వెలుగుతోంది. ఇంత కష్టం ఒక్క మనిషి చేసిందని వినీల నమ్మలేకపోయింది. గంగామణి కూడా నమ్మలేనట్టు తన చేతుల కేసి చూసుకుంది. ఇవన్నీ మర్నాటికి మరిచిపోయే పనులని ఆమె అనుకుంటూ వచ్చింది.

ఆ వెలుగు నడుమ, దుప్పటి మీద, మనిషంత మేర నల్లగా ఉంది.

"మర్దలా," అన్నాడు రాజేశ్వర్, "ఆ నడుమ నల్లగున్నది ఎవరు?"

గంగామణి రేకు దగ్గరికి నడిచింది.

"నేనేనా?"

గంగామణి రేకును పక్కకు తిప్పేసింది. దీపం పెట్టింది. రాజేశ్వర్ నవ్వుతూనే, నేను మీ లెక్కల లేనన్నట్టు, మంచిదే, కరెంటు బిల్లు తప్పిందని అన్నాడు.  చంటిపిల్లలు, కాన్పు మంచంలో ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లు, వీళ్లంతా ఎక్కడ ఉన్నారని వినీల ఒక్కసారైనా అడగలేదు. గంగామణి పొయ్యి దగ్గరికి వెళ్లి బియ్యం కడగసాగింది. బిల్లు మాట ఆ పూట మళ్లీ ఎత్తలేదు.

కమిషన్ విచారణ రోజున సభామందిరం క్రిక్కిరిసింది. రెండు పార్టీలవాళ్లూ వచ్చారు. గంప పార్టీ తరఫున మాట్లాడేది గంగామణి, పల్లెకు పెద్ద వాటా అడగమని పార్టీ ఆమెకు నేర్పి పంపింది. వినీల దీపాలు ఆర్పించి వడకట్టు లేని బొమ్మ వేసింది. గోడంతా రాష్ట్రం లేచి నిలబడింది. దారాలు పారాయి. అంతవరకూ ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నవాళ్లు నోరు తెరుచుకుని చూశారు. ఒక పెద్దాయన తెలియకుండానే చేతులు జోడించాడు. కాసేపు ఆ గదిలో పార్టీలు లేవు.

దీపాలు వెలిగాక మళ్లీ వచ్చాయి. జీతం లేని పని ఉత్పత్తి కిందికి రాదనీ, పొట్టు తీసేసి మొదటి బొమ్మే ఇమ్మనీ దినకర్‌రావు మర్యాదగా అడిగాడు. వంతెనవాళ్లు బల్లలు చరిచారు. రెండో బొమ్మే ఖాయం చెయ్యాలని గంపవాళ్లు లేచారు. వినీల రెండింటి మీదా సంతకం పెట్టనంది. ఆమె చెప్పిన శాస్త్రం ఎవరికీ వినబడలేదు. అప్పుడు గంగామణి మైకు దగ్గరికి వచ్చింది. సొంత పార్టీవాళ్లు చప్పట్లు కొట్టారు.

"నేను పెద్ద వాటా అడుగుదామనే వచ్చిన," అంది. "ఈ రేకు నా చెయ్యిని సూపెట్టింది. నా పని ఎవరూ సూడలేదనుకున్న, ఇది సూసింది. దీనికి దండం పెడుత. కని మా ఆయన ఇందుల లేడు. మంచం వెలుగుతున్నది, మనిషి లేడు. ఆయన ఓటు ఎంత? సున్నానా? మీ బొమ్మల గుడ ఆయన లేడు, మా బొమ్మల గుడ లేడు. పసుపు తూసే కాంటా మంచిదే. దాని మీద పసుపు ఎక్కియ్యుర్రి. మనిషిని ఎక్కియ్యకుర్రి."

చప్పట్లు కొట్టినవాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నారు. గంగామణి కొంగు సవరించుకుని వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

బిల్లు ఆగింది. చచ్చిందని ఎవరూ అనుకోలేదు, ఏదో ఒక ఉపసంఘం దానికి నీళ్లు పోస్తూనే ఉంది. నోటిదాకా వచ్చిన వాటాను కాలదన్నిందని గంప పార్టీ గంగామణిని మండల పదవి నుంచి తప్పించింది. వినీల ప్రయోగశాలకు నిధులు ఆగిపోయాయి. రేకులన్నీ ఒక గదిలో పెట్టి తాళం వేశారు. ఫిరోజ్ ఒక కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తున్నాడు. వినీల కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఒక వెలుగును కనిపెట్టి, అది తప్పుడు చేతుల్లో పడకుండా తానే మూత పెట్టాల్సి వచ్చినందుకు ఆమెకు బాధ లేకపోలేదు. చాలా ఉంది. అయినా పోపు గింజల వాసనకో, ఉతికిన దుప్పటి స్పర్శకో ఒక్కోసారి ఉన్నచోటే ఆగిపోయి నిలబడుతుంది. రేకు లేకుండానే ఆమెకు అన్నీ వెలుగుతూ కనబడతాయి.

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. పట్నంలో తన ఓటు వంతెనకే వేసి, వినీల మధ్యాహ్నానికల్లా బొమ్మెనపల్లి చేరింది. అక్క ఓటు గంపకే, ఆ సంగతి అడగనక్కర్లేదు. ముల్లు పూర్తిగా పోలేదు గానీ ఇప్పుడు దాని మీద చెయ్యి వేసుకుని నవ్వుకోగలుగుతున్నారు.

మంచం పట్టినవాళ్ల ఓటు ఇంటికే వచ్చి వేయించుకునే ఏర్పాటు ఉంది. రాజేశ్వర్ వద్దన్నాడు. అందరితో పాటు బడిలోనే వేస్తానన్నాడు. నలుగురు పట్టుకుని మంచంతో సహా తీసుకెళ్లారు. బొమ్మెనపల్లి వరుస మొత్తం పక్కకు జరిగి దారి ఇచ్చింది. భార్య తోడు వెళ్లవచ్చని అధికారి అన్నాడు. తోడు అక్కర్లేదని రాజేశ్వర్ అన్నాడు. అట్టపెట్టె చాటుకు మంచం జరిపి, మిషన్‌ను ఆయన చేతి దగ్గరికి దించి, అందరూ వెనక్కి వచ్చారు. చాలాసేపు ఏమీ వినబడలేదు. గంగామణి కొంగు కొనను వేలికి చుట్టుకుంటూ నిలబడింది. వినీల అట్టపెట్టె కేసే చూస్తోంది. బెలూన్లు పంపిన బొమ్మ కోసం కూడా ఆమె ఇంతగా ఎదురుచూడలేదు. చివరికి బీప్ మని మోత వచ్చింది. పొడుగ్గా, స్పష్టంగా, అందరి ఓటుకూ వచ్చినంతే వచ్చింది.

ఇంటికి వస్తుంటే గంగామణి ఉండబట్టలేక అడిగింది, ఎవరికి వేశావని. రాజేశ్వర్ కళ్లు మూసుకున్నాడు. వినీల కూడా మంచం పక్కన నడుస్తూ, నాకన్న చెప్పు బావా అంది.

"నీకు గుడ చెప్ప," అన్నాడు ఆయన. "నా ఒంటికి నీళ్లు పోసుడు మీ అక్కది. నా నోట్ల బుక్క పెట్టుడు మీ అక్కది. మంచం మోసేది వీళ్లు. ఇగ నాదని ఏమున్నది? గదొక్కటే. దాన్ని నా దగ్గరనే ఉండనియ్యుర్రి."

అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచం మోసేవాళ్లు భుజం మార్చుకోవడానికి ఒక్క క్షణం ఆగారు. వినీల చెయ్యి చాపి ఒక కోడు అందుకుంది, రెండో పక్క గంగామణి అందుకుంది. అంతా కలిసి ఇంటి దారి పట్టారు.